పాత ట్రయల్స్ బండి ఫ్రేమ్ ఏ కంపెనీదో తేల్చిన ఆటోనగర్ షెడ్డు: నా రివ్యూ

ఇంజిన్ లేదు, ట్యాంకు లేదు, కాగితాలు లేవు, ఉత్త ఫ్రేమ్ ఒక్కటే ఉంది, అమ్మేవాడు మాత్రం పెద్ద ఫారిన్ పేరు చెప్పి రేటు చెప్తున్నాడు. మీరు ఇలాంటి పరిస్థితిలో ఉంటే డబ్బు ఇవ్వకముందే ఆ ఫ్రేమ్‌ని విజయవాడ ఆటోనగర్‌లో ఈ షెడ్డుకి తీసుకెళ్లండి. ఐదుకి నాలుగున్నర ఇస్తున్నాను, ఆ అర ఎందుకు తగ్గించానో కింద చెప్తాను.

షెడ్డుకి బోర్డు లేదు. గేటు దాటి లోపలికి వెళ్తే లారీ బాడీలు కట్టే వరస వస్తుంది కదా, అది దాటాక లేత్ షాపుల సందులో ఉంటుంది. ఛాసిస్ మేస్త్రి అని అడిగితే టీ కొట్టువాళ్లు కూడా చూపిస్తారు. వాళ్ల రోజువారీ పని యాక్సిడెంట్ అయిన బళ్లకి ఫోర్కులు సరిచేయడం, వంకరపోయిన ఛాసిస్‌లు తిన్నగా లాగడం. పాత ఫ్రేములు గుర్తుపట్టడం అనేది వ్యాపారంగా మొదలుపెట్టింది కాదు, బుల్లెట్లు, జావాలు, రాజ్‌దూత్‌లు నడిచే రోజుల నుంచీ ఆ పనిలో ఉన్న మనిషి కాబట్టి పాతబళ్ల పిచ్చి ఉన్నవాళ్లంతా ఆయన దగ్గరికే వస్తారు. చూసి చెప్పినందుకు 1,500 తీసుకున్నారు. ఆ డబ్బుకి దాదాపు పూట మొత్తం నాతోనే ఉన్నారు.

ఇప్పుడు ఫ్రేమ్ సంగతి. గుంటూరులో ఒకాయన చెన్నై పాతసామాను షాపుల్లో కొన్నానని, ఇది బుల్టాకో షెర్పా టీ ఫ్రేమ్ అని, 60 వేలకి తక్కువ ఇవ్వనని కూర్చున్నాడు. నిజంగా షెర్పా టీ అయితే అడగడంలో తప్పేం లేదు. ఎందుకో తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. ట్రయల్స్ అంటే స్పీడు పోటీ కాదు. రాళ్లమీద, వాగుల్లో, బురద గట్లమీద సెక్షన్లు పెడతారు, కాలు కింద ఆనకుండా దాటాలి. ఒకసారి కాలు పెడితే ఒక పాయింటు, రెండుసార్లయితే రెండు, ఆపైన ఎన్నిసార్లు పెట్టినా మూడు, బండి ఆగిపోతే ఐదు. తక్కువ పాయింట్లు వచ్చినవాడు గెలిచినట్టు. చాలాకాలం ఈ ఆటని ఏలింది బ్రిటన్ ఫోర్ స్ట్రోక్ బళ్లే. వాటిలో మన బుల్లెట్‌కి కూడా పెద్ద పేరుంది, 1952లోనూ 1957లోనూ జానీ బ్రిటన్ అనే రైడర్ రాయల్ ఎన్‌ఫీల్డ్ మీదే, స్కాట్లండ్‌లో ఆరు రోజులు జరిగే స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచాడు. 2019లో కంపెనీ వాళ్లు ఇక్కడ బుల్లెట్ ట్రయల్స్ అని పచ్చ ఛాసిస్‌తోనూ ఎర్ర ఛాసిస్‌తోనూ వదిలింది ఆ పాత పేరుని గుర్తు చేయడానికే. తర్వాత ఏరియల్ అనే బ్రిటన్ బండి మీద ఏళ్ల తరబడి గెలిచిన సామీ మిల్లర్ 1964 చివర్లో స్పెయిన్ వెళ్లి, బార్సిలోనా దగ్గర బుల్టాకో కంపెనీవాళ్లతో కూర్చుని ఒక తేలికపాటి టూ స్ట్రోక్ బండి తయారుచేయించాడు. 1965లో దానిమీదే స్కాటిష్ సిక్స్ డేస్ గెలిచాడు. ఆ బండే షెర్పా టీ. బరువైన ఫోర్ స్ట్రోకుల రోజులు అక్కడితో ముగిసినట్టే. అందుకే ఆ పేరు వినగానే పాతబళ్లవాళ్లకి కళ్లు మెరుస్తాయి, నాకూ మెరిశాయి.

ఈ షెడ్డుకి వెళ్లేముందు గుంటూరులోనే ఇంకో చోట అడిగాను, పేరు వద్దు. వాళ్లు ఫ్రేమ్ చూడకుండానే, ముందు శాండ్ బ్లాస్టింగ్ కొట్టించి పౌడర్ కోటింగ్ వేసేద్దాం, తర్వాత ఏ కంపెనీ స్టిక్కర్ కావాలంటే అది అంటిద్దాం అన్నారు. ఇది నాకు చాలా బాధ కలిగించిన మాట. పాత ఫ్రేమ్‌కి ఆనవాళ్లన్నీ ఆ పైపొరల్లోనే ఉంటాయి. ఇసకతో కొడితే రంగు పొరలు పోతాయి, లోతు తక్కువగా పంచ్ చేసిన నంబర్లు మసకబారతాయి, ఎవరు ఎక్కడ అతుకు వేశారో చెప్పే గీతలు అరిగిపోతాయి. ఆ తర్వాత ఎంత పెద్ద నిపుణుడు వచ్చినా చెప్పడానికి ఏమీ మిగలదు.

ఆటోనగర్ మేస్త్రి గారు చేసిన మొదటి మంచిపని గ్రైండర్ దగ్గరికే వెళ్లకపోవడం. ట్రాలీ ఆటోలోంచి దించగానే ఫ్రేమ్‌ని గొలుసుకి వేలాడదీసి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, చుట్టూ తిరిగి చూశారు. అమ్మే ఆయన పక్కనే నిలబడి బుల్టాకో బుల్టాకో అంటుంటే, "పేరు తర్వాత చెప్దువుగాని బాబూ, ముందు ఇది ఏవి కాదో తీసేద్దాం" అన్నారు. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇదే. ఏ కంపెనీదో మొదటే ఊహించుకుని దానికి సాక్ష్యాలు వెతకలేదు, కాని వాటిని ఒక్కొక్కటే పక్కకి తీసేస్తూ వచ్చారు.

గ్రీవ్స్ కాదని తేల్చడానికి అర నిమిషం పట్టింది. ఇంగ్లండులో ఎసెక్స్‌లో తయారైన ఆ పాత ట్రయల్స్ బళ్లకి హెడ్ స్టాక్ (హ్యాండిల్ తిరిగే ముందు గొట్టం), దాన్నుంచి కిందికి దిగే భాగం కలిపి అల్యూమినియం పోత పోసిన దూలంలా ఉంటుంది, ఇనప పైపు కాదు. అయస్కాంతం పెడితే ఇక్కడ గట్టిగా పట్టుకుంది. తర్వాత బుల్లెట్. మన బుల్లెట్‌కి ముందు పైపు ఇంజిన్ దగ్గరే ఆగిపోతుంది, కింద పైపు ఉండదు, ఇంజినే ఛాసిస్‌లో ఒక భాగంగా బరువు మోస్తుంది. ఈ ఫ్రేమ్‌కి ఇంజిన్ కిందుగా పైపులు వెళ్తున్నాయి. పాత జావా అనుకుందామంటే దానికి పలకల పైపు, ఇక్కడ అన్నీ గుండ్రటివే. ఇవన్నీ టీ వచ్చేలోపే అయిపోయాయి.

అసలు పని నంబరు దగ్గర మొదలైంది. హెడ్ స్టాక్ మీద రంగు అట్టలు కట్టి ఉంది. పెయింట్ రిమూవర్ చిన్న బ్రష్‌తో రాసి, కాసేపు ఆగి, ఇత్తడి బ్రష్‌తో నెమ్మదిగా లాగారు. పైన నలుపు, దానికింద నీలం, దానికింద మళ్లీ నలుపు వచ్చింది. అడుగు నలుపు వచ్చాక రిమూవర్ ఆపేసి, సుద్దముక్క పొడి రుద్ది, సెల్ టార్చి పక్కనుంచి వాలుగా వేశారు. పైనుంచి వెలుతురు వేస్తే ఏమీ కనపడని చోట, పక్కనుంచి వేసేసరికి అంకెలు లేచి వచ్చాయి. బుల్టాకో అయితే ఫ్రేమ్ నంబరు ముందు బీ అక్షరం ఉండాలి, దాని వెంటనే మోడల్ అంకె రావాలి, మొదటి షెర్పా టీ అయితే 10. ఇంజిన్ మీద ఎం అక్షరంతో మొదలవుతుంది. అదే స్పెయిన్‌కి చెందిన మాంటెసా కోటా 247 అయితే 21ఎం అని మొదలవ్వాలి. ఇక్కడ అక్షరమే లేదు, ఉత్త అంకెలు. ఎవరో అరగదీసిన గుర్తు కూడా లేదు, అంకెలకి ముందు ఉన్న జాగాలో లోహం నున్నగా, ఫ్యాక్టరీలో ఎలా ఉందో అలాగే ఉంది.

అమ్మే ఆయన ఒప్పుకోలేదు. నంబరు పంచ్ చేయకుండా బయటికి వచ్చి ఉండొచ్చు కదా అన్నాడు. సరే అని వెర్నియర్ తీశారు. రంగు లేని చోట మూడు జాగాల్లో కొలిస్తే పైపు 25.4 వచ్చింది, అంటే సరిగ్గా అంగుళం. స్పెయిన్ బండి అయితే మిల్లీమీటర్ల లెక్కలో ఉండాలి. వెనక ఫోర్కు ఇరుసు బోల్టు విప్పి, మరలు కొలిచే పిచ్ గేజ్ పెట్టారు. ఆ గేజ్ చూస్తే ముచ్చటేసింది, పళ్ల మీద అంకెలు అరిగిపోయాయి గానీ ఆయన వేలితో తడిమే సరైన ఆకు తీశారు. అంగుళానికి 26 మరలు. పాత ఇంగ్లీషు సైకిల్ మర అంటారు దీన్ని, పాత బుల్లెట్లు విప్పినవాళ్లందరికీ తెలుసు, మామూలు మిల్లీమీటర్ నట్టు రెండు చుట్లు ఎక్కి ఆగిపోతుంది, బలవంతం చేస్తే మర పాడవుతుంది.

ఇక్కడ నాకు ఒక అనుమానం వచ్చింది, అడిగాను కూడా. సామీ మిల్లరే తర్వాత ఇంగ్లండులో హై బాయ్ అనే పేరుతో బుల్టాకో ఇంజిన్‌కి సరిపోయే తేలికపాటి ఫ్రేములు రేనాల్డ్స్ 531 అనే ఇంగ్లీషు ఉక్కు పైపుతో చేయించి అమ్మాడు. అలాంటిదే అయితే అంగుళాల పైపు ఉన్నంత మాత్రాన బుల్టాకో కాదని చెప్పలేం కదా అన్నాను. మేస్త్రి గారికి ఆ పేరు తెలియదు. తెలియదని సూటిగా చెప్పి, ఫోన్‌లో నేను చూపించిన ఫొటోలు ఓపిగ్గా చూసి, "అయితే పైపుని వదిలేద్దాం, ఇంజిన్ చెవులు అడుగుదాం" అన్నారు. తెలియని విషయం దగ్గర పట్టుదలకి పోకుండా వెంటనే ఇంకో దారి పట్టుకున్నారు, ఇలాంటి పనిలో నాకు కావాల్సింది అదే.

ఇంజిన్ బిగించే చెవులకి అట్టముక్క ఆనించి బొక్కలు గుర్తు పెట్టారు. తర్వాత కుర్రాణ్ని అటక ఎక్కించి విలియర్స్ అనే ఇంగ్లీషు కంపెనీ ఇంజిన్‌ది ఒక క్రాంక్ కేసు (ఇంజిన్ కింది డొక్కు) దింపించారు. దుమ్ము దులిపి ఆ అట్టని దానిమీద పెడితే బొక్కకి బొక్క కూర్చుంది. బోల్టు దూర్చి చూపించారు, వేలితో తోస్తే వెళ్లింది. బుల్టాకో పేరు అక్కడితో అయిపోయింది. అమ్మే ఆయన మొహం చిన్నబోయింది పాపం, ఆయన కూడా ఎవరో చెప్పింది నమ్మినవాడే.

కానీ విలియర్స్ అని తేలినంత మాత్రాన కంపెనీ తేలినట్టు కాదు, చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే. విలియర్స్ వాళ్లు ఇంజిన్లు చేసి ఊరందరికీ అమ్మేవాళ్లు. ఇంగ్లండులో గ్రీవ్స్, మాంచెస్టర్‌లో డాట్, గ్లాస్టర్‌లో కాటన్, ఇంకా జేమ్స్, ఫ్రాన్సిస్ బార్నెట్, స్ప్రైట్, వీళ్లందరి ట్రయల్స్ బళ్లలోనూ అదే ఇంజిన్. కాబట్టి ఇంజిన్ చెవులు చూసి ఇది డాట్ అనో కాటన్ అనో ఎవరైనా చెప్తే నమ్మకండి. ఆ చెవులు ఏ కుటుంబమో చెప్తాయి గానీ ఏ ఇల్లో చెప్పవు.

అప్పుడు మేస్త్రి గారు అడిగిన ప్రశ్న నాకు తట్టనిది. "షెర్పా అని నీకు చెప్పింది ఎవరు?" చెన్నైలో కొన్నచోట షెర్పా అనే చెప్పారని అమ్మే ఆయన అన్నాడు, బుల్టాకో అని ఎవరూ చెప్పలేదట, ఆ మాట ఈయనే ఇంటర్నెట్‌లో చూసి తగిలించుకున్నాడు. మన మద్రాసులోనే ఎన్‌ఫీల్డ్ వాళ్లు విలియర్స్ ఇంజిన్‌తో షెర్పా అని 175 సీసీ బండి చేసి అమ్మారు, తర్వాత క్రూసేడర్ అని కూడా వచ్చింది. ఇప్పటి పిల్లలకి ఎన్‌ఫీల్డ్ అంటే బుల్లెట్ ఒక్కటే, ఆ చిన్న టూ స్ట్రోక్ బళ్లు ఎవరికీ గుర్తులేవు. మేస్త్రి గారికి గుర్తున్నాయి, ఎందుకంటే వాటి ఛాసిస్‌లు ఆయన లాగి సరిచేసినవే.

అదృష్టం ఏంటంటే ఏలూరు వైపు కస్టమర్ ఒకరిది కాగితాలున్న ఎన్‌ఫీల్డ్ షెర్పా ఫ్రేమ్ ఆ షెడ్డులోనే పనికి వచ్చి ఉంది. ఆయనకి ఫోన్ చేసి, ముట్టుకోవచ్చా అని అడిగాకే తీశారు. రెంటినీ పక్కపక్కన బల్లమీద పడుకోబెట్టి, హెడ్ స్టాక్ నుంచి ఇంజిన్ ముందు బోల్టు దాకా, అక్కడనుంచి ఇరుసు దాకా, ఇరుసు వెడల్పు, అన్నీ దారం పెట్టి ఒకసారి, స్కేలుతో ఒకసారి కొలిచారు. ముందు సగం అంతా సరిపోయింది. అంతకన్నా నన్ను ఒప్పించింది నంబరు అంకెలు. రెండు ఫ్రేముల మీదా 4 అంకె పైన మూసుకోకుండా ఉంది, 7 కాలు కొంచెం వంకర. ఒకే పంచ్ సెట్టుతో కొట్టిన అంకెల్లా ఉన్నాయి, అంటే ఇదీ మద్రాసు ఎన్‌ఫీల్డ్ షెర్పానే. వాటిని నా వేలితో తడిమి చూశాను.

మరి వెనక సగం ఎందుకు కలవలేదు, ఇది ట్రయల్స్ ఫ్రేమ్‌లా ఎందుకు కనపడుతోంది అన్నది మిగిలింది. ఈ షెడ్డు పనితనం నాకు నిజంగా తెలిసింది ఇక్కడే. ఫుట్‌రెస్ట్ చెవుల దగ్గర ఉప్పు కాగితం రెండుసార్లు రాసి చూపించారు. అతుకు వెంబడి పసుపు రంగు గీత మెరిసింది. ఇత్తడితో గ్యాస్ మీద అతికిన పని, అంచు నున్నగా, పైపు ఎక్కడా కాలకుండా ఉంది. సన్న పైపుకి ఎలక్ట్రిక్ వెల్డింగ్ పెడితే ఆ వేడికి పక్కన పెళుసెక్కి విరుగుతుంది, అందుకే తెలిసినవాళ్లు ఇత్తడి వాడేవాళ్లు. ఆ చెవులు షెర్పాకి ఉండాల్సిన జాగాకన్నా బాగా వెనక్కి, కొంచెం కిందికి జరిగి ఉన్నాయి. ట్రయల్స్‌లో నిలబడే నడపాలి, ముందు చక్రం తేలిగ్గా లేవాలి, అందుకే అక్కడికి జరుపుతారు. హెడ్ స్టాక్ కింద హ్యాండిల్ తిరగకుండా ఆపే స్టాపర్ ముక్కలు రెండూ ఆకురాయితో సమానంగా రాశారు, గీతలు రంగు కింద ఇంకా ఉన్నాయి. హ్యాండిల్ ఎక్కువ తిరగాలి కాబట్టి రాసిన పని అది, అరుగుదల కాదు. మామూలు రోడ్డు బండికి ఎవరూ ఈ రెండు పనులూ చేయరు.

సీటు కింద లూప్ మాత్రం ఇంకెవరో తర్వాత కోసి, ఎలక్ట్రిక్ వెల్డింగ్‌తో ముద్దలు ముద్దలుగా అంటించారు. అక్కడ ఇత్తడి లేదు, పైపు నల్లగా కాలి ఉంది, ఒక చోట వెంట్రుక పగులు కూడా కనపడింది. అంటే ఒకే ఫ్రేములో మూడు చేతులు: మద్రాసు ఫ్యాక్టరీ, దాన్ని ట్రయల్స్‌కి మార్చిన మంచి పనివాడు, తర్వాత సామాన్లు మోయడానికో దేనికో వెనక కోసిన ఇంకొకడు. ఆ మధ్యవాడు ఎవరు, ఏ ఊరు అని అడిగితే, ఇనుము చెప్పింది ఇంతే, మిగతాది నేను కల్పించి చెప్పను అన్నారు. ఆ మాటకే ఇంకో 1,500 ఇవ్వొచ్చనిపించింది.

రేటు విషయంలో ఆయన నోరు తెరవలేదు. ఎంత పెట్టొచ్చు బాబాయ్ గారూ అంటే, ఏమిటో చెప్పడం నా పని, ఎంతో తేల్చుకోవడం మీ ఇద్దరి పని అన్నారు. 22 వేలకి తెగింది. అమ్మే ఆయన కూడా కోపం లేకుండానే వెళ్లాడు, ఎందుకంటే ప్రతి కొలతా ఆయన కళ్లముందే తీశారు.

తగ్గించిన అర పాయింటు సంగతి. రాతపూర్వకంగా ఏమీ ఇవ్వరు. నేను పట్టుబట్టి అడిగితే తెల్లకాగితం మీద కొలతలు, నంబరు, ఏది దేనితో సరిపోయింది అన్నది నేనే రాసిస్తే సంతకం పెట్టారు. జీఎస్టీ బిల్లు లేదు. ఫొటోలు మనమే తీసుకోవాలి. ఈ పనికి కనీసం ఒక పేజీ రిపోర్టు ఇస్తే దూరం నుంచి వచ్చేవాళ్లకి ఎంతో ఉపయోగం, వాళ్లబ్బాయికి కంప్యూటర్ వచ్చు కూడా, దయచేసి మొదలుపెట్టండి అని మొహమాటం లేకుండా చెప్పాను. ఇంకోటి, రేకుల షెడ్డు కాబట్టి మధ్యాహ్నం ఎండకి నిలబడలేం, విజయవాడ వేసవి సంగతి చెప్పక్కర్లేదు. పొద్దున్నే వెళ్లండి. ఫోన్ చేస్తే ఎత్తరు, నేరుగా వెళ్లడమే.

వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, నంబరు కొట్టమని మాత్రం అడగకండి. నేనున్నప్పుడే ఒకతను ఏదో ఫ్రేమ్ తెచ్చి, ఆర్సీలో ఉన్న నంబరు దీనిమీద పంచ్ చేయండి ఎంతైనా ఇస్తా అన్నాడు. ఒక్క ముక్కలో బయటికి పంపేశారు. ఛాసిస్ నంబరు మార్చడం నేరం. అలాగే 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్స్ చూసుకోండి, 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండి, పెద్ద మార్పులు చేయని బళ్లకే వీఏ అక్షరాలుండే ఆ వింటేజ్ నంబరు ఇస్తారు. నా ఫ్రేమ్‌లాంటి మార్చిన ట్రయల్స్ బళ్లు ఆ లెక్కలోకి రావు. అందుకే నేను దీన్ని రోడ్డుమీదకి తేవడానికి కొనలేదు, మా తోటలో రాళ్లగట్టు మీద నడపడానికే. అయినా అమ్మకం కాగితం మీద ఆ నంబరు వేసి, ఆయన ఆధార్ కాపీ జతచేసి, ఇద్దరం సంతకాలు పెట్టుకున్నాం, ఇది కూడా మేస్త్రి గారు గుర్తుచేసిందే.

ఫ్రేమ్‌ని కడిగి, తళతళలాడించి తీసుకెళ్లకండి, ఎలా దొరికిందో అలాగే మట్టితో సహా తీసుకెళ్లండి. వెనక ఫోర్కు, ఇరుసు బోల్టు, పాత నట్లు ఉంటే పారేయకుండా సంచిలో వేసుకెళ్లండి, మర కొలవడానికి అవే ఆధారం. నా ఫ్రేమ్ ఇప్పుడు అక్కడే ఉంది. ఆ ఎలక్ట్రిక్ వెల్డింగ్ ముద్దలు కోసేసి వెనక లూప్ ఇత్తడితో మళ్లీ కట్టడానికి 6,500 అన్నారు, ఫుట్‌రెస్ట్ చెవుల్ని మాత్రం ముట్టుకోబోమని ముందే చెప్పారు. అటక మీద ఉన్న ఆ విలియర్స్ క్రాంక్ కేసు అమ్ముతారా అని అడిగాను, ఆలోచించి చెప్తానన్నారు.